అవ్వ ఇచ్చిన కిడ్నీ

నాకు నోరెక్కువ. ఈ మాట నేను కాదు, మా సబ్ సెంటర్ కింది నాలుగు ఊళ్ళూ అంటాయి. ఎల్లారెడ్డి నుంచి పోచారం దిక్కు పోయే రోడ్డు మీద ఏ ఇంటి ముందైనా ఆగి సలోమి సిస్టర్ ఎవరని అడగండి. "ఆ కొట్లాడే సిస్టరమ్మనా?" అంటారు. బుధవారం, శనివారం పిల్లలకు టీకాలు వేసే రోజులు. పిల్లను తీసుకురాని తల్లి ఇంటికి నేనే పోతాను, పోయి వాకిట్లోనే దులిపేస్తాను. బీపీ గోలీలు మింగని ముసలాళ్ళను, కడుపుతో ఉన్న భార్య చేత బస్తాలు మోయించే మొగుళ్ళను, ఎవ్వరినీ వదలను. పదమూడేళ్ళుగా ఏఎన్‌ఎం పని చేస్తున్నాను. మెత్తగా చెప్తే ఎవరూ వినరు, గట్టిగా ఒక కేక వేస్తే వింటారు. ఎందుకు వినాలో నేను చెప్పను, వాళ్ళు అడగరు.

అందరికంటే బాగా వినేది మా అవ్వ. అవ్వ అంటే మా అమ్మే, మా దిక్కు తల్లిని అట్లాగే పిలుస్తాం. పేరు హన్మవ్వ. ఆదివారం మా బాపు యాకూబుతో కలిసి చర్చికి పోతుంది. వచ్చేటప్పుడు దారిలో పోచమ్మ గద్దె కనపడితే, బాపు రెండడుగులు ముందుకు పోయేదాకా ఆగి, ఓ దండం పెట్టుకుని వస్తుంది. ఎవరి మనసూ నొప్పించని మనిషి. బడి మొహం చూడలేదు. నేను ట్రైనింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆమెకు నా మాటే వేదం. "మా బిడ్డ చెప్పింది" అన్నదంటే ఇక ఎవరు చెప్పినా తలకెక్కదు. ఈ సంగతి నేను పదిమందిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కరోనా వచ్చిన ఏడాది నేను ఇంటింటికీ తిరిగి చెప్పిన మాట ఒక్కటే, రోగ నిరోధక శక్తి పెంచుకోండి. కాగితాలు వచ్చేవి, వాట్సాప్‌లో వీడియోలు వచ్చేవి, ఏది ఎవరు పంపారో చూసే తీరిక ఎవరికి ఉంది? అందరూ తిప్పతీగ కషాయం అంటున్నారు, నేనూ అన్నాను. మా పొలం గట్టు మీది వేపచెట్టుకు తిప్పతీగ దండిగా అల్లుకుని ఉంది. అవ్వ చేత ఒక గిన్నెడు కాయించి ఊళ్ళో పంచబోతే, ఆ చేదుకు ఒక్కరు నోరు తెరవలేదు. అప్పుడు మా అవ్వ అందరి ముందు గ్లాసెడు గటగటా తాగి, మూతి కూడా ముడవకుండా, "మస్తుగున్నది, తాగుండ్రి" అన్నది. నా పరువు కాపాడడానికి అంత అబద్ధం ఆడింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో అందరికీ వారానికి మూడు రోజులు ఆ కషాయమే. మాకెవరికీ ఏమీ కాలేదు. అది కషాయం గొప్పతనమని అవ్వ నమ్మింది, నా గొప్పతనమని నేను నమ్మాను.

మా తమ్ముడు సంపత్ అప్పుడు పిట్లం దిక్కు వరికోత మిషన్ నడిపేవాడు. కోతల కాలంలో ఇల్లు పట్టకుండా తిరిగేవాడు. తలనొప్పి అంటే ఏదో ఒక గోలీ మింగి మళ్ళీ మిషనెక్కేవాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో వాడి కాళ్ళు, మొహం వాచాయి. కామారెడ్డి తీసుకుపోతే బీపీ నూట తొంభై. రెండు కిడ్నీలూ ఎండిపోయాయన్నారు. నాలుగు ఊళ్ళ వాళ్ళ చేతులకు బీపీ పట్టీ చుట్టే సిస్టర్‌కు, సొంత తమ్ముడి చేతికి ఒక్కసారి చుట్టాలన్న బుద్ధి పుట్టలేదు. దాన్ని ఏమనాలో నాకు తెలియదు. వేరే ఇంట్లో జరిగి ఉంటే ఆ ఇంటివాళ్ళను చెడామడా తిట్టేదాన్ని.

ఏడాదిన్నర డయాలసిస్ మీద ఉన్నాడు. కిడ్నీ ఎవరిస్తారన్న మాట వచ్చింది. బాపుకు షుగర్. నా రక్తం గ్రూపు కలవలేదు. చెల్లె బుజ్జి చదువుకుంటున్న పిల్ల. అవ్వది కలిసింది. ఆ రోజు ఆమె సంతోషం చూడాల్సింది, కొడుకు పెండ్లి కుదిరినట్టే ఊరంతా చెప్పుకుంది. హైదరాబాద్ పెద్దాసుపత్రిలో డాక్టరు అన్నీ వివరించి, ఏమన్నా అడగాలా అంటే, "వాడు పడుచు పిలగాడు సారూ, రెండూ వెట్టరాదుండ్రి?" అన్నది. డాక్టరు నవ్వాడు. నేను ఆమె మోచేతి మీద గిల్లాను.

ఆపరేషన్ మంచిగా జరిగింది. అవ్వ కిడ్నీ వాడి కడుపులో పెట్టిన రోజే పనిచేయడం మొదలుపెట్టింది. సంచిలో మూత్రం నిండుతుంటే బాపు దాన్ని చూసుకుంటూ ఏడ్చాడు. ఏడాదిన్నర తర్వాత తన కొడుకు మూత్రం పోస్తున్నాడని ఓ తండ్రి ఏడవడం చూసినవాళ్ళకు నవ్వు రావచ్చు, మాకు రాలేదు.

ఇంటికి వచ్చాక అవ్వను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాను. పోచారం అడవి దగ్గర కదా, మాకు అడవి పందుల బాధ ఎక్కువ. పొలాల్లో మంచె కట్టుకుని కావలి ఉంటారు. ఆ సంగతే తీసుకుని చెప్పాను.

"అవ్వా, పొలానికి కావలోళ్ళు ఉన్నట్టే మనిషి పెయ్యిల గూడ ఉంటరు. తెల్ల కణాలంటరు వాటిని. నెత్తురుల తిరుగుకుంట చూస్తనే ఉంటయి. బయటి నుంచి ఏ పురుగు జొచ్చినా మీద వడి సంపుతయి. మనకు జరమొచ్చుడు, దెబ్బ తాకిన కాడ వాచి చీము వట్టుడు, అవన్ని ఆ కొట్లాట వల్లనే. ఒక్కపారి చూసిన పురుగును మరువయి. మల్ల వస్తే గుర్తు వట్టి ఇంక జల్ది సంపుతయి. మేం టీకాలేసేది గందుకే."

"వారీ, పెయ్యిల గింత కథ ఉన్నదా!" అని ఆమె తన ఒళ్ళు తానే తడుముకుని ఆశ్చర్యపోయింది.

"సంపత్‌కు ఇచ్చిన గోలీలు ఆ కావలోళ్ళను సగం పండవెడతయి. పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి ఏసుకోవాలె, ఒక్క పూట తప్పొద్దు. కావలి పండితే పందులు జొస్తయి గదా, గట్లనే వానికి చిన్న జలుబు గూడ పెద్ద రోగమైతది. నీళ్ళు కాగవెట్టియ్యి. బయటోళ్ళను రానియ్యకు."

"మరి కావలోళ్ళను ఎందుకు పండవెట్టుడు బిడ్డా? మంచిగ కాస్తున్నోళ్ళను?"

అడగాల్సిన మాట అడిగింది మా అవ్వ. అది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కావలి వాళ్ళ కంటికి నువ్వు ఇచ్చిన కిడ్నీ కూడా బయటిదే, మెలకువగా ఉంటే దాని మీదే పడతారు, అని చెప్తే సరిపోయేది. ఆ రోజు నా ఫోన్ మోగుతూ ఉంది, నెలాఖరు రిపోర్టు కోసం పైవాళ్ళు అడుగుతున్నారు. "కిడ్నీ నిలువాలంటే గోలీలు మింగాలె, అంతే. అన్ని నీకెందుకు, చెప్పినట్టు చెయ్యి" అని లేచి, సబ్ సెంటర్ దగ్గర నేను ఉండే గదికి వచ్చేశాను.

చెప్పినట్టే చేసింది. ఏడాదిపాటు ఆ ఇల్లు ఇల్లులా లేదు, ఆపరేషన్ గదిలా ఉంది. కుండలో నీళ్ళు కాగుతూనే ఉండేవి. సంపత్ కంచం, గ్లాసు, దుప్పటి వేరు. గడపలో అవ్వ మాస్కు కట్టుకుని పీట వేసుకుని కూర్చునేది, పరామర్శకు వచ్చినవాళ్ళను అక్కడి నుంచే పంపేది. పక్కింటి భూమక్క మూతి తిప్పుకుని, "కరోనా దేశమంత పోయింది గని మీ ఇంట్లకెల్లి పోలేదు" అని ఎత్తిపొడిచేది. వాడు మనిషయ్యాడు. బరువు పెరిగాడు. ఎల్లారెడ్డిలో సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చునే పని చూసుకున్నాడు. అవ్వ వాడికి సంబంధాలు చూడడం మొదలుపెట్టింది, అమ్మాయి వాళ్ళకు ముందే అన్నీ చెప్పాలని కూడా నిర్ణయించుకుంది.

రెండో వానాకాలంలో వాడికి జలుబు పట్టింది. మూడో రోజుకు ఆయాసం. ఊపిరితిత్తులకు న్యుమోనియా అంటే తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. అదే రోజుల్లో పక్కింట్లో భూమక్క మనవడికి అదే జలుబు వచ్చి, రెండు రోజులు ముక్కు చీదుకుని, మూడో రోజు వీధిలో ఆడుకున్నాడు. అవ్వ ఆ పిల్లాణ్ణి చూస్తూ నిలబడేదని బుజ్జి తర్వాత చెప్పింది. సంపత్ ఇంటికి వచ్చిన వారానికి అవ్వ నాకు ఫోన్ చేసింది. నేను సబ్ సెంటర్‌లో ట్యాబ్ ముందు కూర్చుని టీకాల వివరాలు ఎక్కిస్తున్నాను. నెట్ రావడం లేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"బిడ్డా, తమ్మునికి రోగ నిరోధక శక్తి తక్కువైంది గదా."

"అవును అవ్వా, వంద సార్లు చెప్పిన గదా."

"తక్కువైతే పెంచొద్దా మరి?"

నేనేమన్నానో నాకు మాటమాటా గుర్తుంది. "అబ్బా, పెంచుకోవాలె అవ్వా, అందరు పెంచుకోవాలె, మంచిగ తినవెట్టు వానికి. నాకు పనున్నది, పెట్టేస్తున్న" అన్నాను. పెట్టేశాను. గుడ్డు, పప్పు, ఆకుకూర అన్న అర్థంలో అన్నాను. ఆ అర్థం నా మనసులో ఉంది. ఆమె చెవిన పడింది మాత్రం, పెంచుకోవాలె.

అయిదు నెలలు గడిచాయి. వాడికి ఒక్క దగ్గు రాలేదు. "ఈసారి తమ్ముడు మంచిగున్నడు" అని అవ్వ మెరిసే మొహంతో చెప్పేది, నేనూ సంతోషపడ్డాను. నెలనెలా కామారెడ్డిలో రక్త పరీక్ష చేయిస్తాం. కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో క్రియాటినిన్ అనే లెక్క చెప్తుంది, అది తక్కువ ఉంటే మంచిది. వాడిది ఒకటి పాయింట్ రెండు ఉండేది. ఆ నెల ఒకటి పాయింట్ తొమ్మిది వచ్చింది. ల్యాబు తప్పేమోనని పది రోజులకు మళ్ళీ చేయిస్తే రెండు పాయింట్ ఎనిమిది. ఆ రోజే హైదరాబాద్ తీసుకుపోయాం.

కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. డాక్టర్ సంజన అని చిన్న వయసు అమ్మాయి, మంచి ఓపిక. నన్ను, సంపత్‌ను, అవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "కిడ్నీ మీద దాడి మొదలైంది. గోలీలు టైముకు వేసుకుంటున్నావా?"

"ఒక్క పూట తప్పలే మేడం."

"రక్తంలో మందు సరిగ్గానే ఉంది. మరి బయటి మందులేమైనా వాడావా? నాటు మందు, ఆయుర్వేదం, బలానికని పొడులు?"

"లేదు మేడం" అన్నాడు సంపత్. అవ్వ ఏమీ అనలేదు. కషాయం ఆమె దృష్టిలో మందు కాదు, పథ్యం. నేనేమో, "మా తమ్ముడు అసొంటి తప్పులు చేయడు మేడం, నేను ఏఎన్‌ఎంను" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో.

మూడు రోజులు సెలైన్లో పెద్ద మోతాదు మందు ఎక్కించారు, కావలి వాళ్ళను బలవంతంగా పడుకోబెట్టే మందు. మొదటి రోజు, రెండో రోజు లెక్క దిగలేదు. మూడో రోజు పొద్దున నేను కింద టీ తాగి వార్డులోకి వచ్చేసరికి అవ్వ ఫ్లాస్కు లోంచి గ్లాసులోకి ఏదో వంపుతోంది. ముదురు రంగులో ఉంది. నాలుగేళ్ళ కిందటి వాసన. నేను గబగబా పోయి గ్లాసు లాక్కుని మూతి దగ్గర పెట్టుకున్నాను. నాలుకకు తగిలిన ఆ చేదు నాకు ఇప్పటికీ అన్నంలో తగులుతుంది.

"ఏందవ్వా ఇది?"

"ఏందేంది? నువ్వు చెప్పిందే. తిప్పతీగ. ఊరి నుంచి వచ్చేటప్పుడు పుల్లలు మూట కట్టుకొచ్చిన. కింద హోటలామె కాగవెట్టిస్తున్నది, పాపం మంచిది."

"ఎప్పటి సంది ఇస్తున్నవ్?"

"వాడు దవాఖాన నుంచి వచ్చిన కాడ నుంచి. దినాం రెండు పూటల. కరోనల వారానికి మూడు దినాలే గదా, వానికి ఎక్కువ కావాలె గదా అని రెండు పూటల చేసిన. అయిదు నెలలు దగ్గు గూడ రాలే సూడు."

ఆమె మొహంలో గర్వం ఉంది. నేను చెప్పిన పని నేను చెప్పినదానికంటే బాగా చేసిన గర్వం. కేక వేయడానికి నోరు తెరిచాను. సంపత్ మంచం మీద నుంచి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అవ్వా, కిందికి పోయి ఇడ్లీ తేపో, ఆకలైతుంది" అన్నాడు. ఆమె సంబరంగా వెళ్ళింది.

"అక్కా, అవ్వకు చెప్పకు" అన్నాడు.

"నీకు తెల్సురా? డాక్టరు అడిగితే లేదంటివి గదరా!"

"అవ్వ పక్కనే కూసున్నది. ఆమె ముంగట ఎట్ల చెప్పాలె? నాకు అది తాగుడంటే ఇష్టమా? న్యుమోనియా అయినంక అవ్వ పండుడే బంద్ చేసింది. నా ముక్కు కాడ చెయ్యి వెట్టి చూసుకుంట కూసునేది. ఆ గ్లాసు తాగిన్నాడు పోయి పండుతది. చెట్టు మందే గదా, ఏమైతది అనుకున్న."

వాడిని కొట్టబోయిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఎవరిని కొట్టాలి? తల్లి కంటి నిద్ర కోసం చేదు తాగినవాణ్ణా? కూతురి మాట కోసం చేదు కాచినదాన్నా?

డాక్టర్ సంజనకు ఒంటరిగా చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. న్యుమోనియా లాంటి ఇన్ఫెక్షన్ తర్వాత కూడా ఇట్లా జరగొచ్చు. కానీ ఆ తీగ ఒంట్లో రక్షణను రెచ్చగొడుతుంది. మేము ఓ దిక్కు పడుకోబెడుతుంటే మీరు ఇంకో దిక్కు లేపారు. అయిదు నెలలు, రోజుకు రెండు పూటలు. ఏఎన్‌ఎం అన్నారు కదా మీరు?" అన్నది. ఆ చివరి మాట తిట్టినట్టు అనలేదు, మామూలుగానే అన్నది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

ఇంకా బలమైన మందు కూడా ఇచ్చి చూశారు. లెక్క నాలుగు దాటింది, ఆరు దాటింది. ఇరవై రెండో రోజున, ఇక మందులతో లాభం లేదు, డయాలసిస్ మొదలుపెట్టండి అన్నారు. అవ్వ కిడ్నీ వాడి కడుపులో ఇప్పటికీ ఉంది. ఎండిన సొరకాయ బుర్రలాగా ఊరికే ఉంది.

ఇప్పుడు సోమవారం, బుధవారం, శుక్రవారం కామారెడ్డి. అవ్వ, సంపత్ ఎల్లారెడ్డిలో పొద్దున బస్సు ఎక్కుతారు. నాలుగు గంటలు మిషన్ మీద, మళ్ళీ బస్సు. ఫోన్ల దుకాణం పని పోయింది. సంబంధాల మాట ఎవరూ ఎత్తడం లేదు. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం వాడి పేరు రాయించాం. వాడి ముందు ఎంతమంది ఉన్నారో అడిగే ధైర్యం నాకు లేదు.

కషాయం మాన్పించాను, డాక్టరమ్మ బయటివి ఏవీ వద్దన్నదని మాత్రం చెప్పాను. అవ్వ కారణం అడగలేదు. ఆమె మనసులో కారణం ముందే తయారై ఉంది. ఊళ్ళో కనిపించినవాళ్ళకల్లా చెప్పుకోసాగింది, "నాదే పాడు కిడ్నీ. యాభై ఏండ్లు నాట్లేసి, మోతలు మోసి అరిగిపోయింది. పిలగానికి అరిగిపోయింది ఇస్తే ఎన్ని దినాలొస్తది?" భూమక్క కూడా ఇప్పుడు ఎత్తిపొడవడం లేదు, ఎదురుపడితే తల వంచుకుని పోతుంది. అవ్వ బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా చెప్పింది. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి అదే చెప్పి కూర్చుంది. సంపత్ కాళ్ళు పడుతూ, "తప్పయింది కొడుకా, పనికిరానిదిచ్చిన" అంటుందట. వాడు గోడ దిక్కు తిరిగి పడుకుంటాడట. బుజ్జి ఇవన్నీ ఫోన్‌లో చెప్పి ఏడుస్తుంది.

పోయిన శుక్రవారం సెలవు పెట్టి నేను కూడా వెళ్ళాను. సంపత్ లోపల మిషన్ మీద ఉన్నాడు. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా సిద్దిరాములు అని ఓ ముసలాయన, ఆయన భార్య కూడా లోపల ఉంది. అవ్వ ఆయనకు తన కథ మొదలుపెట్టింది. నడుము దగ్గర చీర పక్కకు జరిపి, కోసిన మచ్చ చూపిస్తూ, "గిక్కడి నుంచి తీసిండ్రు. తీసిన్నాడే చూడాలె గదనే, పాడుదని. పుచ్చు విత్తనం ఏసినట్టు ఏసిండ్రు" అన్నది.

నాకు ఆగలేదు. రేపు ఇంకో కిడ్నీ వస్తే మళ్ళీ ఇదే తప్పు చేస్తుంది కాబట్టి చెప్పాలి, అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె తనను తాను పుచ్చు విత్తనం అనుకోవడం నేను చూడలేకపోయాను. నా బాధ తీరడానికి చెప్పాను.

ఆమెను వరండా చివరకు తీసుకుపోయి, అప్పుడు రెండు నిమిషాల్లో చెప్పని మాట ఇప్పుడు అరగంట చెప్పాను. "నీ కిడ్నీ బంగారమవ్వా. గోలీలు కావలోళ్ళను పండవెట్టింది దాన్ని కాపాడనీకే. వాళ్ళకు నీ కిడ్నీ గూడ బయటి నుంచి వచ్చిందే. కషాయంతోని వాళ్ళు లేసిండ్రు, లేసి దాని మీదనే వడ్డరు. తప్పు నీది గాదు. నేను చెప్పలే నీకు. నువ్వు అడిగితే గూడ చెప్పలే. పెంచుకోవాలె అని ఫోన్ల నేనే అన్న. నన్ను తిట్టవ్వా, కొట్టు."

ఆమె తిట్టలేదు. చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ అడిగింది.

"అంటే వాని పెయ్యి నన్ను బయటిదాన్ననుకున్నదా?"

"నిన్ను గాదవ్వా. కిడ్నీని."

"కిడ్నీ నాదే గదా బిడ్డా."

ఆమె వేలికి చుట్టుకున్న కొంగు విప్పేసింది.

"వాడు తొమ్మిది నెలలు నా పెయ్యిలున్నడు. నువ్వూ ఉన్నవ్, బుజ్జీ ఉన్నది. నా పెయ్యిల గూడ కావలోళ్ళు ఉండే ఉంటరు గదా. మిమ్ముల ఒక్కనాడు ఏమనలే." ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది. "మరి వాని పెయ్యికి నేనెందుకు గుర్తు రాలే?"

ట్రైనింగ్‌లో మా మేడం ఇది చెప్పింది. కడుపులో బిడ్డ సగం తండ్రి పోలిక, లెక్క ప్రకారం తల్లి ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని తరిమేయాలి, తరమదు, తొమ్మిది నెలలు తన కావలి తానే సడలించుకుంటుంది, అది ఎట్లా చేస్తుందో పెద్ద పెద్దవాళ్ళకు కూడా పూర్తిగా తెలియదు అని. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నేను రాశాను కూడా. కొడుకు ఒంటికి అట్లాంటి మన్నింపు ఉండదు. ఈ మాట ఏ నోటితో చెప్పను మా అవ్వకు?

టెక్నీషియన్ అరుణ్‌కుమార్ తలుపు తీసి, "సంపత్ వాళ్ళెవరు? అయిపోయింది, జర లేపి పట్టుకోండ్రి" అని పిలిచాడు. ఎప్పుడూ ఆ పిలుపు కోసమే కాచుకుని ఉండే మనిషి, నాకంటే ముందు లేచి గబగబా తలుపు దాకా పోయింది. లోపల మంచం మీద సంపత్ కళ్ళు మూసుకుని, పాలిపోయి పడి ఉన్నాడు. అవ్వ చెయ్యి చాచింది, చాచి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ కొంగులో దాచుకుని నా వైపు తిరిగింది.

"బిడ్డా, నేను వాణ్ణి ముట్టుకోవచ్చునా?"

"ముట్టుకోవచ్చవ్వా, ఏం కాదు, ముట్టుకో" అన్నాను, ఏడుస్తూ అన్నాను.

మా అవ్వ నా మాట నమ్మలేదు. తలుపు ఇవతలే నిలబడిపోయింది.